షెడ్డులో కోళ్లు చస్తుంటే చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: నమస్కారమండి. మాది తణుకు దగ్గర ఒక ఊరు. గుడ్ల కోసం పెంచే కోళ్ల (లేయర్) ఫారం ఉంది. పన్నెండు వేల కోళ్లు, దాని మీద బ్యాంకు లోను. 2025 ఫిబ్రవరిలో మా వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా షెడ్డులో కూడా కోళ్లు ఎక్కువగా చచ్చాయి. మా ఆయన ఎవరికీ చెప్పనివ్వలేదు. రాత్రిపూట మా మరిదీ పనివాళ్లూ కలిసి గొయ్యి తీసి పూడ్చేశారు. ఆ తర్వాత మరిదికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది, కళ్లు ఎర్రబడ్డాయి. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తే తగ్గింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. రాబోయే కరోనా ఇదేనని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. పిల్లలకు గుడ్డు పెట్టడం మానేశాను. చలికాలం రాగానే వాళ్లను హైదరాబాద్‌లో మా అక్క దగ్గరికి పంపేద్దామా అనుకుంటున్నాను. ఇది నిజంగా మనుషులకు మహమ్మారి అవుతుందా? మళ్లీ కోళ్లు చస్తే చెప్పాలా? చెబితే అన్నీ చంపేస్తారు కదా. మా అత్తగారి నాటుకోళ్లను కూడా వదలరట.
ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, చెప్పాలి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీ ఇంట్లో ఈ ఒక్క సంగతి తేలిపోవాలి. మహమ్మారి అవుతుందా అని ఒకటి, మళ్లీ చస్తే చెప్పాలా అని ఒకటి, రెండు ప్రశ్నలు అడిగారు. నా దృష్టిలో ఆ రెండూ వేరు కావు. ఈ రోగం రేపు ఏ దారి పడుతుందన్నది చాలావరకు మీలాంటి ఫారాల్లో మొదటి రెండు రోజులు ఏం జరుగుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు మీ భయం సంగతి చూద్దాం. వీడియోల్లో చెబుతున్నదాంట్లో నిజం పాలు కొంత ఉంది, కానీ అది వాళ్లు చెబుతున్న తీరులో లేదు. హెచ్5ఎన్1 అనే ఈ వైరస్ మనుషులకు సోకుతుందని 1997లో హాంకాంగ్‌లో మొదటిసారి తెలిసింది. అక్కడ 18 మందికి సోకింది, ఆరుగురు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే కోళ్లన్నిటినీ చంపించింది, మనుషుల్లో కేసులు ఆగిపోయాయి. 2003 నుంచి 2025 చివరి దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 25 దేశాల్లో కలిపి వెయ్యికి కాస్త తక్కువ మందికి సోకింది. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. ఈ సగం అన్న మాట విని గుండె జారిపోతుంది. కానీ ఆ లెక్కలోకి వచ్చింది ఎక్కువగా ఆస్పత్రి దాకా వెళ్లినవాళ్లు. నాలుగు రోజుల జ్వరంతో, ఎర్రటి కళ్లతో ఇంట్లోనే ఉండి కోలుకున్నవాళ్లు ఎవరి లెక్కలోకీ రారు.

మన దేశంలో ఇద్దరు పిల్లలు ఈ వైరస్‌తో పోయారు. 2021లో హర్యానాకు చెందిన బాబు ఢిల్లీ ఎయిమ్స్‌లో, 2025 మార్చిలో మన పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ పాప చుట్టుపక్కల ఇంకెవరికీ సోకినట్టు తేలలేదు. మీరు పట్టుకోవాల్సిన విషయం అదే. ఈ వైరస్ కోడి నుంచి మనిషికి అప్పుడప్పుడు వస్తోంది. మనిషి నుంచి ఇంకో మనిషికి కరోనాలా సులువుగా పాకే గుణం మాత్రం ఇన్నేళ్లయినా దానికి రాలేదు.

ఎందుకు రాలేదంటే, వైరస్ ఒంట్లోకి దిగాలంటే కణం మీద ఉండే ఒక రకం చక్కెర పదార్థానికి అతుక్కోవాలి. పక్షుల పేగుల్లో, శ్వాసనాళంలో ఉండేది ఒక రకం. మన ముక్కులో, గొంతులో ఎక్కువగా ఉండేది ఇంకో రకం. పక్షుల రకం మనకు ఊపిరితిత్తుల లోతుల్లో, కంటి పొరల్లో ఉంటుంది. అందుకే సోకితే కొందరికి న్యుమోనియా ముదిరిపోతుంది, కొందరికి కళ్లు ఎర్రబడి ఊరుకుంటుంది. ముక్కులో, గొంతులో నిలబడదు కాబట్టి దగ్గినా తుమ్మినా పక్కవాళ్లకు అంత తేలిగ్గా అంటదు. ఈ తేడా మాత్రం శాశ్వతం కాదు. అమెరికాలో ఆవులకు సోకిన రకాన్ని తీసుకుని అక్కడి శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, పైనున్న ఒక ప్రోటీన్‌లో ఒకే ఒక్క మార్పుతో అది మనుషుల రకానికి అతుక్కోగలదని తేలింది. 2024 డిసెంబరులో ఆ సంగతి బయటపెట్టారు. మహమ్మారి కావడానికి అదొక్కటే చాలదు, ఇంకా కొన్ని మార్పులు కలిసిరావాలి. అయినా దూరం మనం అనుకున్నంత ఎక్కువ లేదని దాంతో తెలిసింది.

ఇంకో దారి కూడా ఉంది. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఒకే ఒంట్లో రెండు రకాల ఫ్లూలు ఒకేసారి చేరితే ఆ ముక్కలు తారుమారై కొత్తది పుట్టొచ్చు. 1957లో, 1968లో వచ్చిన మహమ్మారులు పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ అలా కలవడం వల్లే వచ్చాయి. 2009లో వచ్చింది పందుల్లో కలిసిన రకం. మామూలు ఫ్లూ జ్వరంతో ఉన్న పనివాడు రోగం వచ్చిన షెడ్డులో పనిచేస్తే ఆ కలయికకు అతని ఒళ్లే చోటవుతుంది. కాబట్టి ఏటా వేసే మామూలు ఫ్లూ టీకాను మీ ఇంట్లో షెడ్డుకు వెళ్లేవాళ్లందరికీ, పనివాళ్లకూ వేయించండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు, రెండూ ఒకేసారి సోకే అవకాశాన్ని తగ్గిస్తుంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి మీ షెడ్డు పక్క గదుల్లో ఉండే పనివాళ్లను మర్చిపోకండి. కోడికి అందరికన్నా దగ్గరగా ఉండేది వాళ్లే.

మహమ్మారి అవుతుందా అంటే, అవ్వొచ్చు. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. ఈ రోజుకు మామూలు జనానికి ప్రమాదం తక్కువ, కోళ్లతో పనిచేసేవాళ్లకు అంతకన్నా కొంచెం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కూడా ఇదే. వైరస్ ఒక మనిషి ఒంట్లోకి వెళ్లిన ప్రతిసారీ అది మారడానికి దానికొక అవకాశం దొరుకుతుంది. ఆ అవకాశాలు ఎన్ని ఇస్తామన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. వరద రోజుల్లో మన ఏటిగట్టు తెగుతుందని ఎవరూ అనుకోరు, అయినా రాత్రంతా లాంతర్లు పట్టుకుని కాపలా కాస్తారు, ఎక్కడ ఊట కనబడినా కేకేస్తారు. మీ ఆయన 2025లో ఊట చూసి కేకేయలేదు.

ఆయన్ని తిట్టడానికి ఈ మాట అనడం లేదమ్మా. పశువైద్యుడిగా కోళ్ల రైతుల మధ్య చాలాకాలం గడిపినవాణ్ణి. షెడ్డు ఖాళీ అయితే లోను ఎలా కట్టాలి, మేత బాకీ ఎలా తీర్చాలి, పక్క రైతు వచ్చి 'నీ వల్లే నా కోళ్లు పోయాయి' అంటే ఏం చెప్పాలి అన్న భయం నాకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో రోగం బయటపడ్డాక చికెన్ కొట్ల దగ్గర మనిషి కనబడలేదు. ఆ నష్టం రోగం రాని రైతు మీద కూడా పడింది. ఇంత దెబ్బ కళ్లారా చూసినవాడు దాచాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా దాచడం వల్ల ఆయనకు మిగిలిందేమిటో లెక్క చూసుకోమనండి. ఈ రోగం వచ్చిన షెడ్డులో కోళ్లు బతకవు. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చేది అధికారులు వచ్చి చంపించిన కోళ్లకు, వాటితో పాటు నాశనం చేసిన గుడ్లకు, మేతకు. దానికదే చచ్చిన కోడికి పైసా రాదు. అంటే చెప్పడం ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు చచ్చిన కోళ్లన్నీ పరిహారం లెక్కలోంచి పోయినట్టే. పదిహేను వందలు చచ్చాక చెప్పినవాడి కన్నా వంద చచ్చినప్పుడే చెప్పినవాడికి చేతికొచ్చేది ఎక్కువ. పరిహారం మార్కెట్ ధరకు సమానంగా ఉండదు, చేతికి రావడానికి సమయం పడుతుంది, ఆ తర్వాత షెడ్డు కొన్ని నెలలు ఖాళీగా ఉంచాలి. నష్టం తప్పదు. కానీ చెప్పినా నష్టమే, దాచినా నష్టమే అనుకుంటే ఆ రెండు నష్టాలూ ఒక్కటి కావు. పైగా 2009లో వచ్చిన పశువుల అంటురోగాల చట్టం ప్రకారం ఇలాంటి రోగం ఉందని అనుమానం వస్తే చెప్పాల్సిన బాధ్యత యజమానిదే.

పరిహారం సరిగ్గా రావాలంటే రాత ఉండాలి. రోజూ ఎన్ని కోళ్లు చచ్చాయి, ఎన్ని గుడ్లు వచ్చాయి, మేత ఎంత తిన్నాయి అని షెడ్డులో ఒక పుస్తకం పెట్టండి. మీ ఊళ్లో ఆ పుస్తకాలు రాసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. రోగం మొదట కనబడేదీ ఆ పుస్తకంలోనే. గుడ్లు ఒక్కసారిగా తగ్గుతాయి, పెంకు గట్టిపడని తోలుగుడ్లు వస్తాయి, మేత మిగిలిపోతుంది, మర్నాటికి చావులు నిన్నటికి రెట్టింపవుతాయి. తురాయి, గడ్డం కింద వేలాడే తిత్తులు నీలంగా మారతాయి, తల వాస్తుంది, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనబడతాయి, ఆకుపచ్చ విరేచనం అవుతుంది. కోళ్లకు వచ్చే ఇంకో అంటురోగమైన కొక్కెర రోగంలో కూడా వీటిలో కొన్ని కనిపిస్తాయి కాబట్టి చూసి ఇదని చెప్పడం డాక్టర్ల వల్ల కూడా కాదు. శాంపిల్ భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కు వెళ్లి రావాల్సిందే. 'ఇది కొక్కెరే, మందు కలిపితే పోతుంది' అని ఎవరైనా ధీమాగా చెబితే నమ్మకండి.

చెప్పడం అంటే పెద్ద కార్యక్రమం కాదు. మీ పశువైద్యశాల డాక్టరుగారికి ఫోన్ చేయండి, దొరకకపోతే పశువైద్య సేవల నంబరు 1962కు చేయండి. అప్పుడే చచ్చిన కోళ్లు రెండు మూడు శాంపిల్‌కు కావాలి, వాటిని మందపాటి సంచిలో కట్టి నీడన పెట్టండి. ఆయన వచ్చేదాకా షెడ్డు నుంచి గుడ్లు, కోళ్లు, ట్రేలు, కోడిపెంట ఏదీ బయటికి పోనివ్వకండి.

ఈ ట్రేల సంగతి కాస్త చెప్పాలి. రోగం వస్తే జనం కొల్లేరుకు వచ్చిన పెలికాన్ల మీద, ఆటపాక కొంగల మీద పడతారు. వలస పక్షులు, వరి కోతలయ్యాక చేలల్లో మేపే బాతుల మందలు వైరస్‌ను తెచ్చే మాట నిజమే. చాలా బాతులు పైకి ఏ జబ్బూ కనబడకుండానే దాన్ని మోస్తాయి. అందుకని బాతుల మందను మీ షెడ్డు చుట్టుపక్కల దిగనివ్వకండి. కానీ ఒక షెడ్డులో నుంచి ఇంకో షెడ్డులోకి ఎగిరొచ్చేది కొంగ కాదు. లారీ టైర్లు, మనుషుల చెప్పులు, మేత సంచులు, గుడ్ల ట్రేలు. మీ దగ్గర్నుంచి బెంగాల్, అస్సాం దాకా గుడ్లు వెళ్లిన అట్ట ట్రేలు ఎక్కడెక్కడో దిగి, ఎండిన రెట్టతో తిరిగొచ్చి మీ షెడ్డులోకే చేరతాయి. అట్టను కడగలేం. కొత్తవి వాడండి, లేకపోతే కడిగి మందులో ముంచగలిగే ప్లాస్టిక్ ట్రేలు పెట్టండి. లారీని గేటు బయటే ఆపి గుడ్లు అక్కడికే తెచ్చి ఎక్కించండి. షెడ్డులోకి వెళ్లేవాళ్లకు అక్కడే ఉండే చెప్పులు, అక్కడే ఉతికే బట్టలు ఉండాలి.

ఇక చచ్చిన కోళ్లు. రాత్రిపూట గొయ్యి తీశారన్నారు. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లలో కోళ్లను వేసి మట్టి కప్పితే పూడ్చినట్టు కాదు, వానకు పైకి తేలతాయి, లేకపోతే కుక్కలు లాగుతాయి. గొయ్యి ఎప్పుడైనా మెరక మీద, చెరువుకూ కాలువకూ బోరుకూ దూరంగా తీయాలి, పొరపొరకూ సున్నం చల్లాలి. ఈసారి అనుమానం వస్తే ఆ పని మీరు చేయొద్దు, అధికారులు వచ్చి దగ్గరుండి చేయిస్తారు. కాలువలో పారేసే పాపం ఎలాగూ చేయరు. చేపల చెరువుకు మేతగా వేసేవాళ్లకు అమ్మే పని కూడా చేయకండి. కుక్కలకు, పందులకు వేయకండి. పిల్లులు ఈ వైరస్‌కు చాలా తేలిగ్గా పోతాయి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో ఇళ్లలో పెంచుకునే పిల్లుల్లోనే ఇది కనబడింది.

ఇప్పుడు మీ మరిదిగారి సంగతి. ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. అది మామూలు వైరల్ జ్వరమే అయ్యుండొచ్చు. ఇన్నాళ్ల తర్వాత ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు, ఆయన నుంచి ఇంకొకరికి సోకే భయమూ లేదు. కానీ చచ్చిన కోళ్లను ముట్టుకున్న తర్వాత జ్వరం, ఎర్రకళ్లు అంటే అమెరికాలో ఈ వైరస్ సోకిన డెయిరీ, కోళ్ల ఫారాల పనివాళ్లలో చాలామందికి కనబడిన లక్షణాలే. అక్కడ 2024 నుంచి సుమారు 70 మందికి సోకితే ఎక్కువమందికి తేలిగ్గానే పోయింది. కొద్దిమందికి మాత్రం ముదిరింది, ప్రాణం పోవడమూ జరిగింది. ఏది ఎవరికి ముదురుతుందో ముందు తెలియదు. కాబట్టి జబ్బు కోళ్లను ముట్టుకున్న 10 రోజుల్లోపు ఎవరికైనా జ్వరం, దగ్గు, ఎర్రకళ్లు, ఆయాసం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఆగొద్దు. ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి 'మేం కోళ్ల ఫారంలో పనిచేస్తాం, కోళ్లు చచ్చాయి' అని నోరు తెరిచి చెప్పాలి. మీరు చెప్పకపోతే డాక్టరు అడగరు. ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అది కూడా డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

మీ మరిది పందెం పుంజులు పెంచుతారో లేదో రాయలేదు. మీ వైపు పెంచని ఇల్లు తక్కువ కాబట్టి అడక్కుండానే చెబుతున్నాను. బరిలో దెబ్బ తిన్న పుంజు మీద నోటితో నీళ్లు కొట్టడం, ముక్కులో అడ్డుపడ్డ రక్తం నోటితో పీల్చి తీయడం, ఒట్టి చేతులతో కుట్లు వేయడం, ఇవన్నీ మానాలి. 2004లో థాయ్‌లాండ్‌లో ఈ రోగం చెలరేగినప్పుడు పందెం పుంజుల్ని ఊరూరా తిప్పడం కూడా ఒక కారణమైంది. ఆ తర్వాత అక్కడ పుంజులకు పాస్‌పోర్టులు పెట్టారు. మన దగ్గర సంక్రాంతికి భీమవరం చుట్టూ ఎన్ని జిల్లాల పుంజులు చేరతాయో, ఎన్ని తిరిగి ఇంటి షెడ్డు పక్కకే వస్తాయో మీకు తెలియనిది కాదు. షెడ్డులో పనిచేసే మనిషి పుంజుల్ని పెంచకూడదు. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను.

పిల్లల్ని హైదరాబాద్ పంపక్కర్లేదు. వాళ్లకు ప్రమాదం ఇంట్లో లేదు, షెడ్డులో ఉంది. షెడ్డులోకి రానివ్వకండి, పనిచేసి వచ్చినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే దగ్గరికి తీసుకోవాలి. గుడ్డు ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ చస్తుంది. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికిన గుడ్డు, లోపలి ముక్క దాకా ఉడికిన కోడికూర నిర్భయంగా తినొచ్చు. బలమని పచ్చి గుడ్డు పాలల్లో కలిపి తాగించడం, సగం ఉడికిన ఆఫ్ బాయిల్ వద్దు. అమెరికాలో ఆవుపాలలో కూడా వైరస్ కనబడింది, కానీ మనం పాలు కాచి తాగుతాం కాబట్టి ఆ భయం లేదు. కూర తినడం కన్నా కోడిని కోసి, ఈకలు పీకి, శుభ్రం చేయడంలోనే ప్రమాదం ఎక్కువ. జబ్బుగా ఉన్న కోడిని, చావబోతున్న కోడిని 'వృథా ఎందుకు' అని కోసుకోవడం మీ ఇంట్లోనూ, మీ పనివాళ్ల ఇళ్లలోనూ జరగకూడదు. పచ్చి మాంసం పిల్లల చేతికి అందేచోట పెట్టకండి.

మీ ఆయనతో ఒక్కరే వాదించకండి. మీ ఊళ్లో ఫారాలున్న నాలుగు కుటుంబాలవాళ్లు చలికాలం రాకముందే కూర్చోండి, డాక్టరుగారిని పిలిపించండి. పరిహారం దేనికి ఎంత వస్తుంది, ఏ కాగితాలు కావాలి, బ్యాంకువాళ్లతో ఎవరు మాట్లాడాలి అన్నది అప్పుడే ఆయన్నడిగి రాసుకోండి. ఎవరి షెడ్డులో మొదట చావులు పెరిగినా వాళ్లే ఫోన్ చేయాలి, చేసినవాళ్లను మిగతావాళ్లు ఒక్క మాట అనకూడదు అన్న ఒప్పందం అక్కడే కుదరాలి. ఒక్కడు చెబితే ద్రోహి అవుతాడేమోనన్న భయం ఉంటుంది, నలుగురూ ముందే అనుకుంటే ఆ భయం పోతుంది. ముందు చెప్పినవాడి వల్ల పక్కవాళ్లకు తమ షెడ్డు కాపాడుకోవడానికి రెండు రోజులు దొరుకుతాయని వాళ్లకు కూడా అర్థమవుతుంది.

అత్తగారి నాటుకోళ్ల గురించి మీరు విన్నది నిజం. రోగం తేలిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా చంపుతారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. వాటికి కూడా పరిహారం ఉంటుంది, కానీ పేరు పెట్టి పెంచుకున్న పెట్టకు డబ్బు ఇచ్చి సరిపెట్టలేం, అది నాకు తెలుసు. ఆవిడ బాధపడతారు. అందుకే ఇప్పుడే ఒక పని చేయండి. ఆ కోళ్లను షెడ్డు వైపు, చెరువుగట్టు వైపు తిరగనివ్వకుండా వలకంచె కట్టిన దొడ్లో ఉంచండి. రాత్రిళ్లు పిల్లలు పడుకునే వసారాలో గంప కింద కమ్మడం మాన్పించి, వాటికి విడిగా గూడు కట్టించండి. మేత వేసేది, గూడు ఊడ్చేది ఒక్కరే అయ్యుండాలి, ఆ మనిషి షెడ్డులోకి వెళ్లకూడదు. ఆ పని అత్తగారికే అప్పగించండి.